దూది కింద మాత్రలు

ఇంటి గేటు దగ్గర వరహాలు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని ఒక చేతిలో సత్యం టిఫిను కేరియరు, మరో చేతిలో సత్యం పసుపుపచ్చ హెల్మెట్టు ఉన్నాయి. సత్యం మాత్రం లేడు. పోయిన వారం మనం సత్యం భార్య జయమణిని ఆ గుమ్మంలో, నోట మాట రాని స్థితిలో వదిలి వచ్చాం.

ఆమె భయం అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. సత్యం విశాఖపట్నం రేవులో క్రేను డ్రైవరు. ఆ ఏడు చలి వెనకపట్టిన రోజుల్లో, ఒక ఉదయం క్రేను నిచ్చెన సగం ఎక్కేసరికి అతని రొమ్ముమీద ఎవరో రుబ్బురోలు తెచ్చి పెట్టినట్టయింది. దిగి కూర్చుంటే తగ్గింది. మర్నాడు ఎక్కితే మళ్ళీ వచ్చింది. పట్నంలో డాక్టరు పరీక్షచేసి, గుండె కండరానికి నెత్తురు అందించే నాళం ఒకటి సన్నబడిందన్నాడు. ఆవగింజకంటే కొంచెం పెద్దవైన తెల్లని మాత్రలు రెండు చిన్న గాజుసీసాల్లో ఇచ్చి, నొప్పి రాగానే పని ఆపి, కూర్చుని, ఒకటి నాలుక కింద పెట్టుకోమన్నాడు. క్రేను ఎక్కడం మానెయ్యాలనీ, సంగతి పోర్టువాళ్ళకు చెప్పాలనీ కూడా అన్నాడు.

సత్యం మొదటి మాట విన్నాడు. రెండో మాట వినలేదు. గుండెజబ్బని తెలిస్తే ఏ డ్రైవరునూ మళ్ళీ పైకి పంపరు. స్టోర్సులో ఒక స్టూలు చూపించి తాళ్ళూ కొక్కేలూ అందించమంటారు. ఆ స్టూలు తలచుకుంటేనే సత్యానికి రొమ్ము బిగిసేది.

ఈ రహస్యం తెలిసినవాళ్ళు, ఇప్పటిదాకా మనకు తెలిసినంతలో, ఇద్దరే. ఒకరు జయమణి. వన్‌టౌనులో ఒక మిషను బాలికల పాఠశాలలో సైన్సు చెబుతుంది. రెండోవాడు వరహాలు. క్రేను కింద, ఓడ డెక్కు మీద నిలబడి, సరుకు ఎత్తు, దించు, ఆపు అని డ్రైవరుకు చేతులతో చెప్పే సిగ్నల్‌మేన్. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళిద్దరూ పగలంతా ఒక్క మాట కూడా పలక్కుండా మాట్లాడుకునేవాళ్ళు. అటువంటి స్నేహితుడు కనక వరహాలు ఊరుకోలేకపోయాడు. రేవుకు వచ్చిన గ్రీకు ఓడలో వంటవాడికి గంపెడు పీతలిచ్చి, విటమిన్ మాత్రల సీసా ఒకటి సంపాదించాడు. తెల్లని ప్లాస్టిక్ సీసా. లోపల తేనెరంగులో మెరిసే, నూనె నిండిన గొట్టం మాత్రలు. పైన చీటీ మీద ఎర్రని గుండె బొమ్మ. ఆ బొమ్మను చూశాకే వరహాలు పీతల బేరం ఒప్పుకున్నాడు.

"తింటే తినండి. డాక్టరు మాత్రలు మాత్రం మానకండి," అంది జయమణి ఆ రోజు. సత్యం మాననన్నాడు. ఆ మాట మీదనే ఆమె ఇన్నాళ్ళూ నిద్రపోయింది.

ఇప్పుడు వరహాలు చేతిలో హెల్మెట్టు ఉంది.

"తమ్ముడూ," అంది ఆమె ఎట్టకేలకు. "ఆయనేరి?"

"ఎనకాల వస్తన్నాడప్పా. సంతకాడ ముంజలు బేరమాడతన్నాడు."

జయమణి గుమ్మాన్ని పట్టుకున్న చెయ్యి వదిలింది. ఊపిరి తీసుకుంది. ఆ తరువాత, ఊపిరి తిరిగి వచ్చింది కాబట్టి, ఆలోచించింది.

"ముంజలు కొనే మనిషి తన కేరియరు తను మోసుకోలేడా?"

అబద్ధం ఆడవలసి వచ్చినప్పుడు వరహాలు నాలుక ముందే చేతులెత్తేసేది. అతడు కేరియరును మెల్లగా అరుగు మీద పెట్టాడు. కుడి పిడికిలి బిగించి భుజం ఎత్తున నిలిపాడు. ఆ సంజ్ఞ జయమణికి తెలుసు. భోజనాల దగ్గర సత్యం ఆమెకు ఆ సంజ్ఞలన్నీ నేర్పాడు. కూర వడ్డిస్తుంటే 'ఇంక చాలు' అనడానికి అదే వాడేవాడు. పిడికిలి బిగిస్తే 'ఆపు'.

"పని ఆగిందా?"

అతను తల ఊపాడు. ఇంతలో సత్యం వీధి మలుపు తిరిగాడు. ఒక చేత్తో సైకిలు నడిపిస్తూ, మరో చేత తాటాకులో చుట్టిన ముంజలు పట్టుకుని, మే నెల ఎండకు చెమటలు కక్కుతూ, మొహంనిండా గెలుపుతో వచ్చాడు.

"ఏటి టీచరుగోరూ, గుమ్మంలో కాపలా? లేతముంజలు తెచ్చినాను. నీల్లు నీల్లుగా ఉన్నాయి."

"నొప్పి వచ్చిందా?"

"ముందు మంచినీల్లియ్యి."

"నొప్పి వచ్చిందా అని అడిగాను."

సత్యం వరహాలు వైపు తిరిగాడు. "సెప్పీసినావా బావా?"

"నాను నోరిప్పితే ఒట్టు బావా."

"నోరిప్పలేదు. సేతులిప్పినావు గావాల."

జయమణి ఇద్దరినీ లోపలికి రమ్మంది. వాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ముంజల పొట్టు వలుస్తూ భర్త ఎదురుగా కూర్చుంది. ఆమె చేతికి ఏదో ఒక పని ఉండాలి.

"చెప్పండి," అంది.

"వచ్చింది. పోనాది కూడా. ఎలగ పోనాదో సెప్తాను, ఇనుకో. నీ క్లాసుకి పనికొస్తాది." సత్యం గ్లాసు కింద పెట్టి సర్దుకు కూర్చున్నాడు. "నొప్పి లేసింది. డాక్టరు సెప్పినట్టే మాత్ర నాలిక్కింద పెట్టినాను. ఏటీ నేదు. ఇంకోటి పెట్టినాను. అదీ అంతే. అప్పుడు మన గ్రీకు మాత్ర ఒకటి కొరికి మింగీసినాను. కాసేపటికి నొప్పి ఎవరో సేత్తో తీసినట్టు ఎల్లిపోనాది. మరిప్పుడు సెప్పు, ఏది మందు? పోయిన వారం కూడా ఇలగే అయింది."

"పోయిన వారం కూడానా?"

సత్యం నాలుక కరుచుకున్నాడు. వరహాలు సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

జయమణి కోప్పడలేదు. ఆమె క్లాసులో ఒక పిల్ల ప్రయోగం తలకిందులుగా చేసి వింత ఫలితం రాసుకొస్తే, తప్పు అని కొట్టిపారెయ్యడం ఆమెకు అలవాటు లేదు. ఏది ముందు చేశావు, ఏది తరువాత చేశావు, మధ్యలో ఏం జరిగింది అని అడుగుతుంది. సాధారణంగా ఆ మధ్యలోనే అసలు సంగతి ఉంటుంది.

"మాత్రలు నాలుక కింద పెట్టుకున్నారు. తరువాత గ్రీకు మాత్ర మింగారు. మధ్యలో ఏం చేస్తున్నారు?"

"ఏటి సేస్తాను? పని సేస్తన్నాను."

వరహాలు దగ్గాడు.

"ఏం తమ్ముడూ?"

"ముంజ అడ్డం పడిందప్పా."

"నీకింకా పెట్టలేదు నేను."

వరహాలు తన ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు. సత్యం వైపు క్షమించమన్నట్టు ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టాడు. "ఎరువు బస్తాలు కట్టి ఎత్తే స్లింగు, గాల్లో ఆగిపోనాదప్పా. ఓడ కడుపులో మనుషులున్నారు. నాను దించమని సెయ్యూపినాను. దిగలేదు. ఆలందర్నీ పక్కకి తోలీసి పైకి సూసినాను. బావ సేతులు లీవర్ల మీద నేవు. ఎనక్కి వాలిపోయి కూసున్నాడు. పిడికిలెత్తి అలగే నిలబడిపోనాను. ఎప్పటికో బావ కదిలినాడు. స్లింగు పువ్వు దించినట్టు దించీసినాడు."

"దించినాను గదా," అన్నాడు సత్యం.

"దించినావు బావా. కాదననేదు."

"అంటే, మీరు పని ఆపి, వెనక్కి వాలి కూర్చున్నారు," అంది జయమణి. వలిచిన ముంజను భర్త చేతిలో పెట్టింది. "ఈ జబ్బులో కదలకుండా కూర్చుంటే నొప్పి దానంతటదే దిగుతుందని డాక్టరు మన ఎదుట చెప్పాడు. మీ నొప్పిని తగ్గించింది కూర్చోవడం. దాని వెనకాలే వచ్చింది కాబట్టి ఆ గొట్టానికి పేరు దక్కింది. అది ఇంకా కడుపులో కరిగి కూడా ఉండదు."

సత్యం ముంజ తింటూ ఆలోచించాడు. అతను మొండివాడే కాని అన్యాయమైన మొండివాడు కాదు.

"సరే. అది ఒప్పుకుంటాను. మరి నువ్వొకటి సెప్పు. గ్రీకు మాత్ర ఏటీ సెయ్యలేదు, కూకోడమే పన్చేసింది. బాగుంది. మరి డాక్టరు మాత్ర ఎందుకు పన్చెయ్యలేదు? పెట్టిన సెటంలో తగ్గిపోతాదన్నాడే? రెండు పెట్టినాను. దానికేటంటావు?"

ప్రశ్న న్యాయమైనది. క్లాసులో ఒక పిల్ల ఈ ప్రశ్న వేసి ఉంటే జయమణి మెచ్చుకుని ఉండేది. ఇక్కడ మెచ్చుకునే ఓపిక లేదు, ఎందుకంటే దీనికి జవాబు దొరక్కపోతే ఈ మనిషి రేపు ఉదయం వట్టి నూనెగొట్టాలను నమ్ముకుని ఆ నిచ్చెన ఎక్కుతాడు.

"నాలుక కింద పెట్టినప్పుడు ఎలా ఉంది?"

"ఎలగుంటాది? సుద్దముక్క నాగుంది."

"మొదట్లో, నిచ్చెన కింద ఒకసారి వేసుకున్నారు కదా, అప్పుడు?"

"అప్పుడా? మిరపకాయ గిల్లి పెట్టినట్టు సురుక్కుమంది. నొప్పి పోనాది గాని తల దిమ్మెక్కిపోనాది. నువ్వే గదా సెప్పినావు, కొండలు పేల్చే మందూ ఇదీ ఒకటేనని. అందుకే గావాల బుర్ర పేలిపోతంది అనుకున్నాను."

జయమణి చేతిలోని ముంజ చేతిలోనే ఆగింది.

"ఆ మాత్రలు ఒకసారి చూపించండి."

సత్యం ప్యాంటు జేబులోంచి తెల్లని ప్లాస్టిక్ సీసా తీశాడు. ఎర్రని గుండె బొమ్మ వేళ్ళ రాపిడికి సగం చెరిగిపోయింది.

"ఇవి కావు. డాక్టరువి."

"ఇందులోనే ఉన్నాయి."

అతను మూత తిప్పి, పైన కుక్కి ఉన్న దూది ఉండను పైకి లాగాడు. అడుగున తేనెరంగు గొట్టాలు. వాటి సందుల్లో, మల్లెమొగ్గల్లో నూకల్లా, డాక్టరు ఇచ్చిన తెల్లని మాత్రలు.

"ఎందుకు ఇలా చేశారు?" అంది ఆమె. గొంతు పెంచలేదు.

"మరేటి సెయ్యమంటావు? క్యాంటీన్లో టీ తాగతంటే టైమ్‌కీపరు నా జేబులో గాజుసీసా సూసినాడు. 'ఏటి సత్యం, గుండి మాత్రలా? మా మావ ఇవే ఏసుకునేవోడు' అన్నాడు. ఎవరో నవ్వినారు. నానూ నవ్వీసినాను. మర్నాటి నుంచి ఇందులో ఏసుకుంటన్నాను. ఈ సీసా అయితే జేబులోంచి తీసి బల్లమీద పెట్టుకున్నా ఎవడూ అనుమానించడు. ఫారిన్ బలం మాత్రలని నలుగురూ అడుక్కుంటారు. ఇదిగో, దూది కింద ఏటుందో ఎవరికి తెలుస్తాది?"

రేవులో పనిచేసే మనిషికి తప్ప మరొకరికి తట్టని ఉపాయం. ఓడ దిగి వచ్చిన సీసాకు అక్కడ ఎంత గౌరవమో, ఊళ్ళో డాక్టరు ఇచ్చిన సీసాకు అంత భయం. భయాన్ని గౌరవం కింద దాచాడు. దాచినందువల్ల మందు పోయింది. మందు పోయినందువల్ల నొప్పి తగ్గలేదు. నొప్పి తగ్గనందువల్ల మందు మీద నమ్మకం పోయింది. పోయిన నమ్మకం ఎక్కడికీ పోక, అదే సీసాలో పక్కనే ఉన్న గొట్టాల మీదకు చేరింది. జయమణికి ఆ గొలుసు కొస నుంచి కొసదాకా ఒక్కసారిగా కనిపించింది.

"ఆ మాత్రల్ని గాజుసీసాలోంచి తియ్యొద్దని డాక్టరు చెప్పాడు. మూత గట్టిగా బిగించమన్నాడు. వేడి తగలనివ్వొద్దన్నాడు. మీరు నా పక్కనే కూర్చున్నారు."

"క్రేను ఎక్కొద్దన్నాక నాకింకేటి ఇనిపిస్తాది జయా."

ఆమె ముంజల తొక్కలు పక్కకు నెట్టింది.

"కర్పూరం పొట్లాం విప్పి వదిలేస్తే ఏమవుతుంది?" అంది తరువాత, మెత్తగా. "ఎగిరిపోతుంది. ఈ మందూ అలాంటిదే. ప్లాస్టిక్కు పీల్చుకుంటుంది, దూది పీల్చుకుంటుంది. మీ కేబిను వేసవిలో పొయ్యికి తక్కువేం కాదు. మీరు నాలుక కింద పెట్టుకున్నది మందు కాదు. మందు లేచిపోయిన సుద్ద."

సత్యం ఆమె వైపు చూశాడు. అతని మొహంలో గెలుపు పోయింది కాని, దాని స్థానంలో వచ్చింది నమ్మకం కాదు.

"నువ్వు సదువుకున్నదానివి. ఏదైనా సెప్పగలవు," అన్నాడు. "నన్ను కిందకి దింపాలని నీ కోరిక. తప్పనడం నేదు. కాని ఆ కోరిక నీసేత మాట్లాడిస్తంది గాదని ఎలగ తెలుస్తాది నాకు?"

వరహాలు లేవబోయాడు. భార్యాభర్తల మధ్య అటువంటి మాట పడినప్పుడు మూడోవాడు ఉండకూడదని అతనికి తెలుసు. "కూర్చో తమ్ముడూ," అంది జయమణి. "నువ్వు సాక్షివి."

ఆమె లేచి, చెక్కబీరువాలో చీరల వెనక చల్లగా ఉంచిన రెండో గాజుసీసా తెచ్చింది. గోధుమరంగు సీసా, మూత మొదటి రోజు బిగించినట్టే ఉంది. చేతుల కుర్చీలో సరిగ్గా, వీపు ఆనించి కూర్చుంది. ప్లాస్టిక్ సీసాలోంచి ఒక తెల్లని మాత్ర ఏరి తన నాలుక కింద పెట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు?" అన్నాడు సత్యం.

ఆమె వేలు చూపించి ఆగమంది. ఫ్యాను తిరుగుతోంది. రిఫైనరీ వైపు నుంచి వచ్చే నూనెవాసన కిటికీలోంచి వచ్చి పోయింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. మాత్ర కరిగింది. "సుద్ద," అంది. నీళ్ళు పుక్కిలించి, గాజుసీసా మూత తిప్పింది.

"ఒద్దు జయా. నీకేటి జబ్బని అది?"

"జబ్బు లేదు కాబట్టే తేడా తెలుస్తుంది."

ఇది ఎవరూ చెయ్యకూడని పని అని ఆమెకు తెలుసు. ఒక పిల్ల చేసి ఉంటే క్లాసు బయట నిలబెట్టి ఉండేది. కాని ఆ ఇంట్లో ఆమె మాట మీద అనుమానం పడింది, ఆమె నాలుక మీద ఇంకా పడలేదు. రెండో మాత్ర నాలుక కింద పెట్టుకుంది.

ముందు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. నాలుక కింద నిప్పురవ్వ లాంటిది అంటుకుంది. ఆ తరువాత మెడలో నరాలు కొట్టుకోవడం ఇద్దరు మగవాళ్ళకూ కంటికి కనిపించింది. బుగ్గలు, చెవులు, నుదురు వరసగా ఎర్రబడ్డాయి. ఆమె కళ్ళు మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుంది. తల లోపల ఎవరో పెద్ద డప్పు మోగిస్తున్నారు.

సత్యం చేతిలోని ముంజలు నేల మీద పడ్డాయి. ఒక్క అంగలో వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"నీకు మతి పోనాదా? బావా, నీల్లు. ఆ పేపరియ్యి ఇలాగ. జయా, కళ్ళు తెరు. ఏటవుతంది?"

"ఏం కాదు. కాసేపట్లో దిగుతుంది." ఆమె కళ్ళు తెరవకుండానే అతని చెయ్యి తడిమి పట్టుకుని, తన కణత మీద పెట్టుకుంది. "చూడండి."

ఆ చెయ్యి జీవితమంతా ఇంజను నాడిని లీవరు గుండా పట్టి చూసిన చెయ్యి. మోటారు బరువు లాగుతోందో వట్టిగా తిరుగుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇప్పుడు దాని కింద భార్య నెత్తురు దడదడా పరుగెడుతోంది. మందు ఉన్న మాత్రకూ లేని మాత్రకూ తేడా ఏమిటో ఏ పుస్తకమూ అంత దగ్గరగా అతనికి చెప్పలేదు.

అతను ఆ చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో పేపరు విసురుతూనే ఉన్నాడు. వరహాలు నీళ్ళగ్లాసు పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక, చివరికి తనే తాగాడు.

చాలాసేపటికి సత్యం అన్నాడు, "ఇంత సదువు సదివి ఇలాటి పని సేస్తారా ఎవరైనా."

"ఇంత చదువూ చెప్పినా మీరు వింటేగా."

"ఇన్నాను. ఇప్పుడిన్నాను." అతను పేపరు కింద పెట్టాడు. "ఇంకెప్పుడూ ఇలాగ సెయ్యకు. నా ఒంటిమీద ఒట్టు."

"మీ ఒంటిని ముందు మీరు చూసుకోండి. అప్పుడు ఒట్టు వేసుకుందాం."

వరహాలు గ్లాసు కింద పెట్టి, గోడవైపు చూస్తూ, "అప్పా, నాను తెచ్చింది ఇసం కాదు గదా?" అన్నాడు.

"విషమేం కాదు తమ్ముడూ. వేరుశనగల్లో, నూనెల్లో కొంచెం కొంచెం ఉండే సరుకే. ఒంటికి కావలసిందే. కాని సన్నబడ్డ నాళాన్ని తెరవడం దానికి చేతకాదు. నువ్వు పీతలు పోసింది దాని మీద నమ్మకంతో కాదు, మీ బావ మీద ప్రేమతో. అది నాకు తెలియదనుకున్నావా?"

వరహాలు తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

సత్యం గాజుసీసాను అరచేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "సరే. ఇది జేబులో ఉంటాది. ఎవడేటనుకున్నా ఉంటాది. ఇది ఉంటే ఎక్కొచ్చు గదా? ఈ ఎరువు ఓడ కాళీ అయిపోయేదాకా. ఆ తరవాత నానే సెప్పుకుంటాను."

"ఈ ఓడ తరువాత ఇంకో ఓడ వస్తుంది."

"పైనించి నీకు తెలీదు జయా. పొద్దున్న కేబిను తలుపు తీస్తే ఎదురుగా యారాడ కొండ, దాని పక్కనించి సముద్రం. కింద ఇంత పెద్ద ఓడ నా సేతిలో పిల్లలాగ ఉంటాది. స్టోర్సుగదికి కిటికీ కూడా నేదు."

జయమణికి అది తెలుసు. పెళ్ళైన కొత్తలో అతను ఆమెను రేవు గేటు దాకా తీసుకెళ్ళి, ఆకాశంలో ఆ కేబినును చూపించి, "అదే మన మేడ" అన్నాడు. ఆ మనిషిని కిటికీ లేని గదిలో కూర్చోమని చెప్పడానికి ఆమె మాటలు వెతుక్కుంటోంది. అవి దొరికేలోగా వీధి తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

"ఒదినా, ఉన్నారేటి?"

గంగాలమ్మ. వెనకవీధి జగ్గారావు భార్య. జగ్గారావూ క్రేను డ్రైవరే. మధ్యాహ్నం సత్యం దిగిన క్రేనునే రెండో షిఫ్టులో అతను ఎక్కుతాడు. ఆమె చేతిలో అరిటాకు కప్పిన గిన్నె ఉంది. ఎండురొయ్యలు, మామిడికాయ కలిపి వండిన కూర వాసన ఆమెకంటే ముందే లోపలికి వచ్చింది.

"ఏటొదినా, మొహం అలాగ కందిపోనాది?"

"కొంచెం తలనొప్పి. రా గంగా."

"అన్నయ్యకని తెచ్చినాను. ఆయన సేసిన మేలుకి ఇదేపాటి." గంగాలమ్మ గిన్నె పట్టుకునే సత్యం వైపు తిరిగి నవ్వింది. "నువ్విచ్చిన ఫారిన్ మాత్రలు ఏసుకున్న కాణ్ణించి మా ఆయన మనిషే మారిపోనాడన్నయ్యా. హుషారు. ఇయ్యాల రేత్రి షిఫ్టు కూడా ఒప్పీసుకున్నాడు. క్రేను మీద కూకుని రెండు షిఫ్టులు నాకొక లెక్కా అంటన్నాడు."

జయమణి సత్యం వైపు చూసింది. అతని వేళ్ళు గాజుసీసా చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆ డాక్టరిచ్చిన గేసు మాత్రల పీడా పోనాది," అంది గంగాలమ్మ. "ఇంతింత సిన్న మాత్రలు. నాలిక్కింద పెట్టుకున్నప్పుడల్లా తల పట్టుకు కూసునీవోడు. 'సత్యం బావ అయ్యి దండగన్నాడు, ఆయనకే పన్చెయ్యలేదంట' అని సీసా సీసా గెడ్డ కాలవలోకి ఇసిరీసినాడు, పోయిన ఆదివారం."

ఆ మాత్రలకు తల పట్టుకునేవాడంటే అవి సుద్ద కావు. జగ్గారావు వాటిని గాజుసీసాలోనే ఉంచుకున్నాడు; అవి ప్రాణంతో ఉన్నాయి; వాటిని పారెయ్యమన్నది మాత్రం సత్యం. నొప్పి సంగతి జగ్గారావు అతనికొక్కడికే చెప్పుకున్నాడు, ఒకే కష్టంలో ఉన్న మరొక డ్రైవరు కనక. భార్యకు గేసు అన్నాడు.

సత్యం లేచాడు.

"బావా, నువ్వు సైకిలెక్కు. ఫోర్‌మేన్‌కి సెప్పి జగ్గుణ్ణి కిందకి దింపీ. నిచ్చెన గాభరాగా దిగొద్దను."

వరహాలు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఏటని సెప్పను బావా? పన్లో ఉన్నోణ్ణి దింపమంటే కారణం అడుగుతారు. నీకెలగ తెలుసంటారు."

ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో జయమణికి తెలుసు. ఇంత సేపూ ఆమె వెతుక్కుంటున్న మాట అదే. అది తన నోటినుంచి రాకూడదనుకుంది.

సత్యం చెమట చొక్కా విప్పి, కొక్కేనికి వేలాడుతున్న ఉతికిన చొక్కా తీసుకుని ఒక చెయ్యి దూర్చాడు. రెండో చెయ్యి దూర్చడానికి కొంచెం సేపు పట్టింది.

"నాకున్నదే ఆడికీ ఉందని సెప్పు," అన్నాడు. "నాకేటుందని అడిగితే, అదీ సెప్పీ."

"మరి నిన్ను పైకి ఎక్కనివ్వరు బావా."

"తెలుసు. నువ్వెల్లు. నాను నడిచి వస్తన్నాను. మెల్లగా వస్తాను."

వరహాలు సైకిలు సందు దాటిపోయింది. జయమణి, తల ఇంకా దిమ్ముగా ఉండగానే, లేచి భర్త చేతిలోని గాజుసీసాను తీసి అతని చొక్కా జేబులో వేసి, జేబు గుండీ పెట్టింది. అతను ఆమె చెయ్యి ఒకసారి నొక్కి గుమ్మం దిగాడు.

గంగాలమ్మ గిన్నె ఇంకా దించలేదు. వెళ్ళిపోతున్న సత్యం వీపునూ, జయమణి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఆమె పెదవుల మీద ఇంకా కొంచెం మిగిలే ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

"ఉండడమేటి ఒదినా?" అంది. "మా ఆయనకేటుంది?"